అనుమానం మానేసిన కాటా సారు

మా తమ్ముడికి అనుమానం పుట్టుకతో రాలేదు, ఉద్యోగంతో వచ్చింది. తూనికలు కొలతల శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేశాడు. కాటా కింద అయస్కాంతం అంటించేవాడు, తూకపు రాళ్ళ అడుగున సీసం తవ్వేసేవాడు, పెట్రోలు పంపులో మీటరు తిప్పేవాడు... ఇలాంటి వాళ్ళ మొహాలు చూసి చూసి, రిటైరయ్యేనాటికి ఎవడైనా "నమస్కారం సార్" అన్నా వీడెందుకంటున్నాడా అని ఆగి ఆలోచించే స్థితికి వచ్చాడు. బజారంతా వాణ్ణి కాటా సారు అంటారు. నేను మాత్రం ఒరేయ్ అంటాను. నాకంటే ఐదేళ్ళు చిన్నవాడు, చంకనేసుకుని తిప్పినదాన్ని, ఇంకేమంటాను?

ఓసారి నాకు జ్వరమొస్తే క్లినిక్‌కి తీసుకెళ్ళాడు. నన్ను బరువు చూసే మిషన్ ఎక్కమన్నారు. నేను దిగగానే వీడు దాన్ని తలకిందులు చేసి చూసి, "డాక్టర్ గారూ, ఇది ఎనిమిదొందల గ్రాములు ఎక్కువ చూపిస్తోంది. మీరు ఇన్నాళ్ళూ ఊరందరినీ ఊరికే లావు తగ్గమంటున్నారు" అన్నాడు. బయట కూర్చున్నవాళ్ళంతా పకపకా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ వారం తర్వాత వెళ్తే అక్కడ కొత్త మిషన్ ఉంది, అదీ నిజమే.

మా ఆయన పోయాక నేనూ, భార్య పోయాక వాడూ ఒకే ఇంట్లో చేరాం. ముందు గది నాది, వెనక గది వాడిది. మధ్యలో హాలు, ఇద్దరం పోట్లాడుకోవడానికి.

నేను స్కూలు టీచర్ని. రిటైరయ్యాక, చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే ఒక సంఘంలో చేరాను. పదకొండేళ్ళు చదివాను. వీధి చప్పుడు పడకుండా బట్టల బీరువా తలుపులు తీసి, దుప్పట్ల మధ్య మైకు పెట్టుకుని, తల లోపలికి దూర్చి చదివేదాన్ని. చరిత్ర, బ్యాంకు పరీక్షలు, ఆఫీసు రూల్సు, ఏది అడిగితే అది. మొత్తం ఆరువందల పన్నెండు పాఠాలు. నా చదువు మీద నాకు కాస్త గర్వం. కాస్తేమిటి, దండిగానే ఉంది. "మీరు చదువుతుంటే కళ్ళకి కట్టినట్టుంటుందండీ" అని చూపు లేని ఒకాయన అంటే, ఆ మాట వారం రోజులు ఇంట్లో చెప్పుకుంటూ తిరిగాను. మా తమ్ముడు చెవులు మూసుకున్నాడు.

పోయినేడాది నా కళ్ళకే వచ్చిపడింది. చూపు నడిమధ్యలో మచ్చ. పక్కలు కనిపిస్తాయి, చూడాలనుకున్నదే కనిపించదు. మనిషి చెవులు కనిపిస్తాయి, మొహం కనిపించదు. ఇక అక్షరాల సంగతి సరేసరి. మందుల్లేవు, ఇంతకంటే పాడవకుండా చూసుకోవడమే అన్నాడు డాక్టరు. అంటే ఇంకో పాఠం చదవలేను. ఉన్నవే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే సంఘం మూతపడింది. మా పాఠాలు వినిపించే సైట్ నడిపే ఆయనకి ఓపిక అయిపోయింది, పట్టించుకునే దిక్కు లేదు. సెక్రటరీ గారు నా పాఠాలన్నీ ఒక డిస్కులోకి ఎక్కించి తెచ్చి నా చేతిలో పెట్టారు. "టీచర్ గారూ, ఇక ఇవి ఇందులో తప్ప ఇంకెక్కడా లేవు, జాగ్రత్త" అన్నారు. అరచేతిలో ఇమిడే నల్ల పెట్టె. ఆయన వెళ్ళాక దాన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఆ పాఠాల కోసం కాచుకుని ఉన్న మనిషి ఒకత్తి ఉంది. పెద్దాసుపత్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరు. పుట్టుకనుంచీ చూపు లేదు. సూపర్‌వైజరు పరీక్ష రెండుసార్లు రాసి తప్పింది. మూడోసారే ఆఖరు, అదీ పోతే ఇక జన్మంతా ఆ కుర్చీలోనే, "లైన్‌లో ఉండండి" అనుకుంటూ. పరీక్ష ఐదు వారాల్లోకి వచ్చింది. దానికి కావలసిన రూల్సు పుస్తకం నలభై పాఠాలూ నా గొంతులోనే ఉన్నాయి. సైట్ ఆగిపోయిన రోజు ఫోన్ చేసి "టీచర్ గారూ, ఇప్పుడెలాగండీ?" అంది. "వారం ఆగమ్మా, మా ఇంట్లోంచే వినిపిస్తాం" అని మాటిచ్చేశాను.

ఇంట్లోంచి అన్నది మా తమ్ముడి ఆలోచన. "ఊళ్ళోవాళ్ళ గోదాములో మన సరుకెందుకక్కా? వాడు ఎప్పుడు తాళం వేస్తాడో తెలీదు. మన ఇంట్లోనే సర్వర్ పెట్టేద్దాం" అన్నాడు. వాడి పాత ఆఫీసులో పక్కన పడేసిన చిన్న కంప్యూటరు ఒకటి తెచ్చాడు. ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది, ఎక్కడినుంచైనా ఆ అమ్మాయి ఫోన్‌లో నొక్కితే మా వెనక గదిలోంచి పాఠం వెళ్తుంది. బాగానే ఉంది కదా అనుకున్నాను.

అక్కడినుంచి మొదలైంది నా తల ప్రాణం తోకకి రావడం. ఆ కంప్యూటరు నడవాలంటే ముందు లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ వెయ్యాలట. లైనక్స్ ఒకటే గానీ, దానికి ఏవేవో కలిపి మూటకట్టి ఇచ్చేవాళ్ళు వందమందట. ఒక్కో మూటనీ డిస్ట్రిబ్యూషన్ అంటారట. అందులో ఏది మంచిది అన్నది ప్రశ్న. లోకంలో మిగతా జనం ఎవర్నో అడిగి ఏదో ఒకటి వేసుకుంటారు. మావాడు అలా వేసుకుంటాడా?

"ఏదైనా ఒకటే, బాగానే ఉంటుందని రాశారక్కా అందరూ."

"మరింకేం, వెయ్యి."

"అందరూ బాగుందన్నారంటేనే చూడాలి. ఏ కాటా మీదైనా ప్రభుత్వ ముద్ర ఉంటుంది. దీనిమీద ఎవరి ముద్ర ఉంది? తప్పు తూస్తే ఎవణ్ణి నిలదియ్యాలి?"

వందలోంచి మూడు ఏరాడు. వాటి పేర్లు నాకు నోరు తిరగక నేనే పేర్లు పెట్టాను. రంగురంగుల బొమ్మలతో, నొక్కితే కిలకిలమనేది సోకులది. వారానికోసారి కొత్త బట్టలు మార్చేది కుర్రది. మూడోది నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు తప్ప ఇంకేమీ లేనిది, రెండేళ్ళకోసారి గానీ మారనిది. అది ముసలిది. మావాడు మొదట మొహం చిట్లించినా, రెండో రోజుకి వాడూ అవే పేర్లు వాడాడు.

ఇక పరీక్షలు. వాడి పద్ధతి ఒకటే, నోటీసు ఇవ్వకుండా వెళ్ళడం. చెప్పి వెళ్తే కొట్టువాళ్ళంతా నిజాయితీపరులేనట. అందుకని ఆ కంప్యూటరులోకి పాఠాలు ఎక్కుతూ ఉండగా, మధ్యలో టక్కున కరెంటు తీసేసేవాడు. మళ్ళీ వేసి, లేచిందా, ఎక్కడ ఆపిందో చెప్తోందా, లేక ఏమీ జరగనట్టు నటిస్తోందా అని చూసేవాడు. ఓ పొద్దున స్విచ్ బోర్డు దగ్గరికి చెప్పులు వదిలేసి మునివేళ్ళ మీద నడుస్తున్నాడు. "ఏమిట్రా ఆ దొంగ నడక?" అన్నాను. "ష్, దానికి తెలీకూడదు" అన్నాడు. కంప్యూటరుకి!

నవ్వాను గానీ, ఆ పరీక్షకి వాడుతున్న పాఠాలు ఏవో తెలిసేసరికి నా నవ్వు ఆగిపోయింది. నా డిస్కే తగిలించాడు. అసలు డిస్కు.

"ఒరేయ్, నీకేమైనా మతిపోయిందా? ముందు ఇంకో కాపీ తీసి దాచరా!"

"ఎందులో దాచను? నీ పాత లాప్‌టాప్‌లోనా? పెన్‌డ్రైవ్‌లోనా? వాటిని ఎవరు పరీక్షించారు? సర్వర్ ఖాయమయ్యాక అందులోకే ఎక్కిస్తా."

"పోనీ ఆ పరీక్షలేవో పనికిరాని ఫైళ్ళతో చేసుకో."

"అక్కా, నేనెప్పుడైనా కాటాని ఇసకతో తూచి పాస్ చేశానా? కొట్లో ఏ సరుకు అమ్ముతారో దానితోనే తూచేవాణ్ణి. ఉత్తుత్తి సరుకు పెడితే ఉత్తుత్తి ఫలితమే వస్తుంది."

ఆ గట్టిదనం ముందు నా పప్పులేం ఉడుకుతాయి? ముప్ఫై ఏళ్ళు ఆ మాటతోనే కేసులు గెలిచాడు. నేను నోరు మూసుకున్నాను. అది నా తప్పు, ఇప్పటికీ అంటాను.

వారం కాస్తా రెండు వారాలైంది. ఎక్స్ఛేంజ్ అమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా "రేపు, ఎల్లుండి" అంటూ నీళ్ళు నమిలాను. పరీక్షకి ఇరవై రోజులే ఉంది. కుర్రది రెండో దెబ్బకే పడుకుని లేవలేదు, వాడు దాన్ని లిస్టులోంచి కొట్టేశాడు. సోకులది ఎన్నిసార్లు కరెంటు తీసినా లేచి "అంతా సవ్యంగా ఉంది" అని పచ్చటి టిక్కు పెట్టేది. ముసలిదాని వంతు వచ్చిన శుక్రవారం మాత్రం వాడు గదిలోంచి విసుక్కుంటూ వచ్చాడు.

"నాలుగు ఫైళ్ళు చదవడం తన వల్ల కాదంటోంది. నిన్నటిదాకా సోకులది గడగడా చదివిన డిస్కుకి ఇది వంకలు పెడుతోంది. పని చేతకాకపోతే సరుకు బాగాలేదనడం! ఇలాంటివాళ్ళని చాలామందిని చూశాను."

"లోపలినుంచి టిక్కు టిక్కుమని ఏదో చప్పుడొస్తోందిరా."

"ఫ్యాను." అని వెళ్ళిపోయాడు. సోకులదానికే ముద్ర పడబోతోందని అనుకున్నాను.

సోమవారం పొద్దున, నేనడక్కుండానే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "ముసలిదే ఖాయం చేశానక్కా. నిన్ననే ఎక్కించేశాను. ఆ అమ్మాయికి లింకు కూడా పంపేశాను."

"వంకలు పెడుతోందన్నావుగా?"

"లేదు లేదు. చాలా మంచిది. నిజాయితీ అంటే దానిదే. కళ్ళు మూసుకుని నమ్మొచ్చు."

కళ్ళు మూసుకుని నమ్మడమా? మావాడా? నేను కలిపిచ్చిన కాఫీలో చక్కెర ఎంత వేశావని ఈ ఇంట్లో చేరిన్నాటినుంచీ అడుగుతున్నవాడు ఇవాళ ఒకదాన్ని నిజాయితీపరురాలంటున్నాడు! అనుమానం మానేసిన మా తమ్ముణ్ణి చూసి నాకు అనుమానం పట్టుకుంది.

"అన్నీ ఎక్కాయా?"

"ఎక్కించాను."

"ఆరువందల పన్నెండూనా?"

"చెప్పాగా, ఎక్కించానని. వదిలెయ్ ఇక."

గ్రాముల్లో తప్ప మాట్లాడనివాడు అంకె చెప్పలేదు. వాడి మొహం నాకు కనిపించదు, ఆ సంగతి వాడికి తెలుసు. అందుకే నా ఎదురుగా కూర్చుని చెప్పగలిగాడని ఆ క్షణమే అనిపించి ఒళ్ళు మండింది. కానీ ఏం పట్టుకుని నిలదియ్యను?

ఆ మధ్యాహ్నం నుంచి ఇంకో తంతు. భోజనం కాగానే వెనక గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకునేవాడు. లోపలినుంచి గొణుగుడు. ఆగి ఆగి, ఒకే వరసలో, గంటా గంటన్నర. కళ్ళు పోయాక నా చెవులు పాముచెవులయ్యాయి గానీ, మాటలు తెలియడం లేదు. ఎవరితో? ఇల్లు అమ్మకానికి పెట్టి ఎవరితోనైనా బేరమాడుతున్నాడా? ఈ వయసులో ఏ ఆడమనిషైనా తగులుకుందా? లేక వీడికే ఏదైనా జబ్బు చేస్తే నాకు తెలియకుండా డాక్టరుతో మాట్లాడుతున్నాడా? "ఎవరితోరా మాటలు?" అంటే, "ఎవరితో? ఎవరితోనూ లేదే" అన్నాడు. అబద్ధమాడటం బొత్తిగా చేతకాని వెధవ.

నాలుగో రోజు ఇక ఉగ్గబట్టుకోలేకపోయాను. పెరటివైపు తలుపుకి గడియ సరిగా పడదని నాకు తెలుసు. చెప్పులు వదిలేసి, గోడ తడుముకుంటూ, చప్పుడు చెయ్యకుండా తోశాను.

కంటి పక్కనుంచి చూస్తే వాడి నడుము మాత్రం కనిపించింది. మిగతా మనిషి బీరువాలో ఉన్నాడు. దుప్పట్లలోంచి గొంతు వస్తోంది.

"రూలు నంబరు... నలభై... ఏడు. కామా. ఉప నిబంధన... మూడు. కామా. సెలవులో ఉన్న ఉద్యోగి..."

రూల్సు పుస్తకం. పదిహేడో పాఠం. నేను చదివిన పాఠం.

"ఒరేయ్."

బీరువాలో తల టంగుమని కొట్టుకుంది. వాడు బయటికి వచ్చి నిలబడ్డాడు. తర్వాత నేల మీదే చతికిలబడి అంతా చెప్పాడు.

కరెంటు తీసినప్పుడల్లా దెబ్బ కంప్యూటరుకి కాదు, తిరుగుతున్న నా డిస్కుకి తగిలింది. ఫ్యాను అన్న టిక్కు టిక్కు డిస్కుదే. నాలుగు పాఠాలు పోయాయి, నాలుగూ రూల్సు పుస్తకంలోవే. ఉన్న నిజాన్ని మొదటిరోజే చెప్పింది ముసలిదే. దాన్నే వీడు పని చేతకానిదన్నాడు. రెండు రోజులాగి, ఆదివారం, సోకులది పచ్చ టిక్కు పెట్టిన పదిహేడో పాఠం పెట్టి విన్నాడట. మూడో నిమిషం తర్వాత వట్టి నిశ్శబ్దం. నలభై నిమిషాలు ఆ నిశ్శబ్దాన్ని చివరిదాకా విన్నాడట, మళ్ళీ నా గొంతు వస్తుందేమోనని.

"మళ్ళీ చదవమని నిన్నెలా అడగనక్కా? అందుకే..."

నా అరికాలి మంట నెత్తికెక్కింది. ఏమన్నానో అన్నీ గుర్తులేవు. నీ పరీక్షలు తగలెయ్య అన్నాను. ఊరందరి కాటాలూ తప్పని తిరిగావు, నీ చెయ్యి తప్పేమో అని ఒక్కసారి అనుమానించావా అన్నాను. నా కళ్ళు దేవుడు తీసుకుంటే నా గొంతు నువ్వు తీసుకున్నావు అన్నాను. ఆ మాట అన్నాక వాడు ఏడ్చాడు. నేను ఏడవలేదు. రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. ప్లేటు పెట్టి వచ్చేసేదాన్ని.

మూడో రోజు ఎక్స్ఛేంజ్ అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. నిజం దాస్తే దాని పరీక్షతో ఆడుకున్నట్టే. "అమ్మా, నాలుగు పాఠాలు పోయాయి. వాటిలో నీకు వినిపిస్తున్నది నా గొంతు కాదు, మా తమ్ముడిది. వాడికి చదవడం రాదు, కామాలు కూడా పైకి చదువుతాడు. ఇంకెవరిచేతనైనా చదివిస్తాను, నాలుగు రోజులు ఓపిక పట్టు."

"అయ్యో, వద్దండీ టీచర్ గారూ!" అంది. వెంటనే సర్దుకుని, "ఏం లేదండీ" అంది.

"ఏం లేదంటే ఏదో ఉంది. చెప్పు."

"మీరేమీ అనుకోరు కదండీ? ఆయన చదివిన రూలు నంబర్లు ఒక్కసారి వింటే గుర్తుండిపోతున్నాయండీ. ఒక్కో అంకె దగ్గరా ఆగుతారు. మీరు... కథలా చదువుకుంటూ వెళ్ళిపోతారండీ. చాలా హాయిగా ఉంటుంది. కానీ నంబరు దగ్గర గొంతు తగ్గిపోతుంది. నలభై ఏడో, నలభై ఎనిమిదో తెలీదు. వెనక్కి తిప్పి తిప్పి వినేదాన్ని."

"ఎన్నాళ్ళనుంచి?"

"మొదటినుంచీనండీ."

"మరి రెండుసార్లు పరీక్ష..."

ఎక్స్ఛేంజ్‌లో ఏదో లైను మోగుతోంది, ఆ అమ్మాయి ఎత్తలేదు. "అవి నేను సరిగ్గా చదవక పోయాయి లెండి" అంది చివరికి.

"పదకొండేళ్ళలో ఒక్కరూ నాతో అనలేదేమే?"

"కళ్ళు నొప్పెట్టేలా మాకోసం చదివేవారు. మీతో ఎలా అంటామండీ?"

ఫోన్ పెట్టేశాక సిగ్గుతో చచ్చిపోయాను. వాడి మీద అరిచిన అరుపులన్నీ నా చెవుల్లోనే మోగాయి. ఆ పూట వాడికి చెప్పలేదు. మర్నాడు పొద్దున కూడా చెప్పలేదు. మధ్యాహ్నం వెనక గది తలుపు కొట్టాను.

"రూల్సు పుస్తకం నలభై పాఠాలూ నువ్వే చదవాలి. రోజుకి ఐదు. ఇవాళే మొదలుపెట్టు."

వాడు నా వంక చూస్తూ నిలబడ్డాడని తెలుస్తోంది. "ఎవరన్నారు? నన్ను ఓదార్చడానికి అంటున్నావా?"

"నిన్ను ఓదార్చే ఓపిక నాకు లేదు." అని, ఆ అమ్మాయి చెప్పిందంతా చెప్పాను, రెండు పరీక్షల సంగతితో సహా. వాడు నమ్మాడో లేదో గానీ, ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. బీరువా పక్కకి నాకో కుర్చీ జరిపి, పుస్తకం తీశాడు.

"కామాలు చదవకు. కామా దగ్గర ఊపిరి తీసుకో" అన్నాను.

మొదటి పాఠం మొదలుపెట్టాడు. రూలు నంబరు వచ్చినచోట ఆగి, ఒక్కో అంకెనూ విడివిడిగా పలికాడు. ఆ పాఠం నేను అప్పట్లో ఒకే ఊపులో ముగించి లేచాను. అందులో అన్ని అంకెలు ఉన్నాయని నాకు ఇప్పుడే తెలిసింది. బాగా చదివాడు. ఆ మాట వాడితో అనడానికి నాకు ఇంకో మూడు పాఠాలు పట్టింది.